పైసా ఖర్చు లేకుండా మంచి రెట్రో ఆటలు వెతికి పట్టుకోవడం: మొదటి నుంచి చివరిదాకా

విజయనగరంలో గంటస్తంభం నుంచి నడిచొచ్చే దూరంలో మాకో నెట్ సెంటర్ ఉంది. ఎండాకాలం సెలవులు మొదలయ్యాయంటే దరఖాస్తుల కన్నా ఎక్కువగా వినిపించేది ఒకటే ప్రశ్న: "అన్నా, డబ్బుల్లేకుండా ఆడుకునే పాత టైపు గేములు మంచివి ఏటున్నాయి?"

మొదట్లో నాలుగు పేర్లు చీటీ మీద రాసిచ్చేవాణ్ణి. వారం తిరక్కుండా అదే గుంటడు మళ్ళీ వచ్చి, "అవి అయిపోనాయి, ఇంకేటున్నాయి?" అనేవాడు. కొందరికైతే నేనిచ్చిన పేర్లు అసలు నచ్చేవే కాదు. పేర్ల చీటీ ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది. అందుకే ఎలా వెతకాలో రాస్తున్నాను. కొన్ని పేర్లూ ఇస్తాను, కానీ అవి చివర్లో.

ఇక్కడ రెట్రో అంటే పాత ఆటలొక్కటే కాదు. పాత కాలపు చుక్కల బొమ్మలతో, పరిమితులతో ఇప్పటివాళ్ళు కొత్తగా చేస్తున్నవి కూడా. చాలావరకు ఒక్కరో, ఇద్దరో కూర్చుని చేసినవి.

1. ముందు మీ మెషీన్ సంగతి తేల్చుకోండి

అందరూ ఆట పేరు దగ్గర మొదలుపెడతారు. మీరు కంప్యూటర్ దగ్గర మొదలుపెట్టండి.

మా షాపులో ఉన్నవన్నీ నాలుగు జీబీ ర్యామ్, 1366×768 మానిటర్ సిస్టమ్‌లు. విడిగా గ్రాఫిక్స్ కార్డుల్లేవు. ఈ రకం ఆటలు చాలావరకు వీటి మీద హాయిగా నడుస్తాయి. కానీ బొమ్మలు చుక్కల్లో ఉన్నంత మాత్రాన ఆట తేలికని నమ్మకండి. పైకి తొంభైల నాటి ఆటలా కనిపిస్తూ, లోపల ఇప్పటి బరువైన ఇంజన్ మీద కట్టినవి ఉంటాయి. అలాంటివి పాత ల్యాప్‌టాప్‌ని ఇడ్లీ పాత్రలా ఆవిర్లు కక్కిస్తాయి.

ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

- విండోస్ ఏది? 32 బిట్టా, 64 బిట్టా? దిస్ పీసీ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో చూడండి.
- ర్యామ్ ఎంత, డిస్కులో ఖాళీ ఎంత?
- తెర రిజల్యూషన్ ఎంత?
- నెట్ ఫైబరా, ఫోన్ హాట్‌స్పాటా?
- ఆడేది కీబోర్డు మీదా, యూఎస్‌బీ జాయ్‌స్టిక్ మీదా, ఫోన్ మీదా?
- ఒక్కసారి కూర్చుంటే ఎంతసేపు ఆడగలరు?

చివరి ప్రశ్నను ఎవరూ పట్టించుకోరు. పదిహేను నిమిషాల తీరిక ఉన్నవాడు నలభై గంటల ఆట దించుకుని, రెండో రోజే వదిలేస్తాడు.

ఇంకా విండోస్ 7 వాడుతున్నవాళ్ళకు ఒక మాట. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ కొట్టు స్టీమ్ 2024 జనవరి 1 నుంచి దానికి సపోర్ట్ ఆపేసింది. క్రోమ్ కూడా 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. కాబట్టి అలాంటి సిస్టమ్‌లో స్టీమ్ కోసం తిప్పలు పడకండి. దించుకుని నేరుగా నడుపుకునే పాత ఫ్రీవేర్ ఆటలు మీకు సరిపోతాయి.

2. ఫ్రీ అన్న మాటలో ఎన్ని రకాలో తెలుసుకోండి

ఇది తెలియకే ఎక్కువమంది తప్పుడు చోట వెతుకుతారు.

ఫ్రీవేర్: చేసినాయనే ఉచితంగా ఇచ్చేసిన ఆట. దించుకోవచ్చు, ఆడుకోవచ్చు, లోపలి కోడ్ మాత్రం ఇవ్వడు.

ఓపెన్ సోర్స్: ఆటతో పాటు కోడ్ కూడా ఇచ్చేస్తారు. ఇలాంటివి ఏళ్ళ తరబడి బాగుపడుతూ ఉంటాయి.

మీకు తోచినంత: ధర దగ్గర సున్నా కూడా పెట్టొచ్చు. ఇచ్ డాట్ ఐఓ అనే ఆటల సైట్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే.

డెమో: మొదటి భాగం ఉచితం, తక్కినది కొనాలి. మోసమేమీ కాదు, కాకపోతే ముందే తెలిసుండాలి.

ఫ్రీ టు ప్లే: ఆట ఉచితమే, లోపల కొట్టు తెరిచి ఉంటుంది. స్టీమ్‌లో ఆట పేజీలో ఇన్-యాప్ పర్చేజెస్ అని రాసుంటే ఈ రకమే. పిల్లల కోసం వెతుకుతుంటే దీన్ని పక్కన పెట్టండి.

ఇంకో చిక్కు. ఒకే ఆట ఒకచోట ఉచితంగా, ఇంకోచోట డబ్బులకు ఉంటుంది. కేవ్ స్టోరీ 2004 నాటి ఫ్రీవేర్. దాన్ని మెరుగుపరిచిన కేవ్ స్టోరీ ప్లస్ మాత్రం అమ్మకానికి ఉంది. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ క్లాసిక్ ఉచితం, 2022 డిసెంబరులో స్టీమ్‌కి వచ్చిన బొమ్మల వెర్షన్‌కి డబ్బులు. మైండస్ట్రీ స్టీమ్‌లో కొనాలి, ఇచ్‌లో ఊరికే వస్తుంది. ధర చూసి వెనక్కి తిరిగే ముందు, తయారుచేసినవాళ్ళ సొంత పేజీలో ఉచిత వెర్షన్ ఉందేమో ఒకసారి చూడండి.

ఇక చిన్నప్పటి క్యాసెట్ల ఆటల సంగతి. పార్లర్లో గంటకింతని కట్టి ఆడినవి, టీవీకి తగిలించి ఆడినవి ఇప్పుడు రోమ్ ఫైళ్ళుగా, అంటే క్యాసెట్ లోపలి ఆటకి కాపీలుగా, కట్టలు కట్టలు దొరుకుతాయి. అవి పాతవైనంత మాత్రాన ఉచితం అయిపోవు. మన 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచన కిందకే వస్తుంది. రచయిత పోయాక అరవై ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. వదిలేసిన సాఫ్ట్‌వేర్ అనే వర్గమేదీ చట్టంలో లేదు. సక్రమంగా ఉచితమైనవే ఒక జన్మలో ఆడలేనన్ని ఉన్నాయి.

3. ఎక్కడ వెతకాలి

గూగుల్‌లో ఫ్రీ రెట్రో గేమ్స్ అని కొట్టకండి. పైన వచ్చే పదిలో ఎన్ని మీ కంప్యూటర్‌కి మేలు చేసేవో నేను చెప్పలేను. ఈ కింది తలుపులు నేరుగా తట్టండి.

ఇచ్ డాట్ ఐఓ. 2013లో మొదలైంది. ఎవరైనా తమ ఆట పెట్టుకోవచ్చు. అందుకే ముత్యాలూ ఉంటాయి, ఊకా ఉంటుంది. చెరగడం మీ పని. వరుస ఇది:

- బ్రౌజ్ గేమ్స్ తెరవండి.
- ఎడమవైపు ప్రైస్ కింద ఫ్రీ నొక్కండి.
- ప్లాట్‌ఫామ్‌లో ముందు వెబ్ ఎంచుకోండి. దించకుండానే బ్రౌజర్లో ఆడి చూడొచ్చు. నచ్చాక విండోస్‌కి మారొచ్చు.
- ట్యాగ్ పెట్టండి. రెట్రో అనే ట్యాగ్ మరీ వెడల్పు. పిక్సెల్ ఆర్ట్ ఇంకా వెడల్పు. పికో-8, గేమ్ బాయ్, 1-బిట్ లాంటివి పెడితే వల బిగుస్తుంది.
- యావరేజ్ సెషన్ లెంగ్త్ అని ఒకటుంటుంది. మొదటి కాగితం మీద రాసుకున్న సమయం ఇక్కడ పనికొస్తుంది.
- వరుసను టాప్ రేటెడ్‌కి మార్చండి. పాపులర్‌లో ఎప్పుడూ అవే ముఖాలు కనిపిస్తాయి.

డౌన్‌లోడ్ నొక్కగానే డబ్బులడిగే పెట్టె వస్తుంది. దాన్ని చూసి చాలామంది ఆగిపోతారు. పైన చిన్న అక్షరాల్లో 'నో థ్యాంక్స్, జస్ట్ టేక్ మీ టు ది డౌన్‌లోడ్స్' అని ఉంటుంది, అది నొక్కితే చాలు.

పికో-8. ఇది నిజంగా ఎక్కడా లేని గేమ్ మెషీన్. ఉన్నట్టు ఊహించుకుని సాఫ్ట్‌వేర్‌లో కట్టారు: 128×128 చుక్కల తెర, 16 రంగులు, కార్ట్రిడ్జ్ (అంటే ఒక్కో ఆట ఫైలు) 32 కేబీ. ఆటలు చేసుకోవాలంటే ఆ సాఫ్ట్‌వేర్ కొనాలి. ఆడటానికి మాత్రం లెక్సలాఫిల్ సైట్‌లో కార్ట్స్ అన్న చోట బ్రౌజర్లోనే, ఫోన్లో కూడా, ఉచితం. అక్కడ ఫీచర్డ్ జాబితా నుంచి మొదలుపెట్టండి. పాత సిస్టమ్, నెమ్మది నెట్ ఉన్నవాళ్ళకు నేను ముందు చూపించేది ఇదే. టిక్-80 అని దీనికో ఓపెన్ సోర్స్ తమ్ముడు ఉన్నాడు, 240×136 తెరతో.

గేమ్ బాయ్ హోమ్‌బ్రూ. పాత చేతి మెషీన్ కోసం ఇప్పటివాళ్ళు సొంతంగా రాస్తున్న ఆటలు. హోమ్‌బ్రూ హబ్‌లో బ్రౌజర్లోనే ఆడొచ్చు.

స్కమ్‌వీఎం సైట్. పాత అడ్వెంచర్ ఆటల్ని ఇప్పటి కంప్యూటర్ల మీద నడిపించే సాఫ్ట్‌వేర్ ఇది. ఆ ఆటల్లో హక్కుదారులే ఉచితం చేసినవి అక్కడ ఉన్నాయి. 1994 నాటి బినీత్ ఎ స్టీల్ స్కై 2003లో ఇలాగే ఫ్రీవేర్ అయింది.

ఎఫ్-డ్రాయిడ్. ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఓపెన్ సోర్స్ యాప్‌ల కొట్టు. ప్రకటనల బెడద లేని ఆటలు కావాలంటే ఇటే రండి.

ఫ్లాష్ ఆటలు గుర్తున్నవాళ్ళకు: 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ మూతపడింది. ఫ్లాష్‌పాయింట్ అనే ప్రాజెక్టు వాటిని భద్రపరిచింది.

4. దించే ముందు పేజీ చదవండి

పేరు బావుంది, బొమ్మ బావుంది అని నొక్కేయకండి. ఒక్క నిమిషం ఆగి పేజీ కిందిదాకా వెళ్ళండి. ఇచ్‌లో అయితే మోర్ ఇన్ఫర్మేషన్ అన్నది విప్పితే సగం జాతకం అక్కడే ఉంటుంది.

- స్టేటస్ రిలీజ్డా, ప్రోటోటైపా, ఇన్ డెవలప్‌మెంటా? మూడోది పెట్టి రెండేళ్ళుగా అప్‌డేట్ లేకపోతే ఆ ఆట అక్కడితో ఆగినట్టే.
- రేటింగ్ ఎంత అన్నదాని కన్నా ఎంతమంది ఇచ్చారన్నది చూడండి. అయిదుగురు ఇచ్చిన అయిదు నక్షత్రాలు స్నేహితులవి కావచ్చు.
- ఇన్‌పుట్స్‌లో కీబోర్డ్ ఉందా? గేమ్‌ప్యాడ్ ఒక్కటే రాసుంటే మళ్ళీ ఆలోచించండి.
- కామెంట్లలో "ఫలానా చోట ఇరుక్కుపోయాను" అని రాసినవి, వాటికి తయారుచేసినవాళ్ళు ఇచ్చిన జవాబులు.
- కదిలే బొమ్మ ఉందా? ఆగి ఉన్న ఫొటో ఎవరైనా అందంగా తీస్తారు. కదలికలో అసలు రంగు బయటపడుతుంది.

చుక్కల మీద నాదొక అలవాటు. స్క్రీన్‌షాట్ పెద్దది చేసి చూస్తాను. మనిషి బొమ్మలో చుక్క ఒక సైజు, వెనక చెట్టులో ఇంకో సైజు, అక్షరాలు నున్నగా మరో రకం ఉన్నాయంటే, అక్కడా ఇక్కడా తెచ్చి అతికించారని అనుమానపడతాను. అలా ఉండీ బావున్న ఆటలు లేకపోలేదు. కానీ నా అనుమానం తప్పైన సందర్భాలు తక్కువే.

5. జామ్‌ల ఫలితాల్లో వేటాడండి

నా మటుకు నాకు దీన్ని మించిన పద్ధతి లేదు. గడువు పెట్టి, షరతులు పెట్టి ఆటలు చేయించే పోటీల్ని జామ్‌లంటారు. గడువు తక్కువ కాబట్టి ఆట చిన్నది. ఆడి చూసి మార్కులు వేసేది చాలావరకు తోటి తయారీదారులే, కాబట్టి చెరగడం సగం అయిపోయి ఉంటుంది.

లూడమ్ డేర్ 2002 నుంచి జరుగుతోంది. ఒంటరిగా చేసేవాళ్ళకు 48 గంటలు, జట్టుగా చేసేవాళ్ళకు 72 గంటలు. జేఎస్13కే పోటీలో ఆట మొత్తం జిప్ చేశాక 13 కేబీ లోపు ఉండాలి. మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫొటో అంతకన్నా బరువు. జీబీ జామ్‌లో 160×144 తెర, నాలుగే రంగులు. లోరెజ్ జామ్‌లో అయితే 64×64 చుక్కలే.

ఫలితాల పేజీ తెరిచాక ఓవరాల్ ర్యాంకు ఒక్కటే చూడకండి. లూడమ్ డేర్‌లో ఫన్, ఇన్నొవేషన్, గ్రాఫిక్స్, ఆడియో అని వేరువేరుగా ర్యాంకులుంటాయి. గ్రాఫిక్స్‌లో మొదటిది బొమ్మల కొలువు కావచ్చు. ఫన్‌లో మొదటి ఇరవై తీసుకోండి.

ఒకటి నచ్చిందా, చేసినవాళ్ళ పేరు నొక్కండి. వాళ్ళ మిగతా ఆటలన్నీ వస్తాయి. ఫాలో చేయండి. ఒక్క మంచి తయారీదారు దొరికితే పది జాబితాలు చదివే పని తప్పుతుంది.

6. దించుకోవడం, తెరవడం

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. వెయ్యి ఆటలు ఒకే ఫైల్లో అని ఊరించిన ఒక సైట్ నుంచి ఓసారి షాపు సిస్టమ్‌లోకే దించాను. ఆటల కన్నా ముందు మూడు టూల్‌బార్లు దిగాయి. బ్రౌజర్ తెరిస్తే ఏదో తెలియని పేజీ. ఆ రోజు ఒక నోటిఫికేషన్‌కి ఆఖరి తేదీ, బయట పదిమంది లైన్లో ఉన్నారు. రాత్రి పదకొండుకి ఆ సిస్టమ్ ఫార్మాట్ చేసి ఇంటికెళ్ళాను. కట్టలు కట్టి ఇచ్చే ఫైళ్ళ జోలికి అప్పట్నుంచి పోలేదు.

వరుస:

- ఎప్పుడూ తయారుచేసినవాళ్ళ పేజీ నుంచే దించండి.
- ఫైలు తెరవక ముందు వైరస్‌టోటల్ అనే సైట్‌లో వేయండి. చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షిస్తుంది. ఒకటో రెండో ఎర్రగా చూపిస్తే చిన్న ఆటల విషయంలో పొరపాటు కావచ్చు. పదిహేను చూపిస్తే డిలీట్ చేయండి.
- జిప్ ఫైలుని తప్పకుండా ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. జిప్ లోపలే రెండుసార్లు నొక్కి ఆడితే డీఎల్ఎల్ లేదంటుంది, లేదా మీరు సేవ్ చేసింది మాయమవుతుంది. మా దగ్గరకొచ్చే ఫిర్యాదుల్లో మొదటి స్థానం దీనిదే.
- గేమ్స్ అని ఒక ఫోల్డరు, ఆటకొక ఉపఫోల్డరు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టకండి, పాత ఆటలు అక్కడ సేవ్ రాయలేక తికమక పడతాయి.
- విండోస్ నీలం పెట్టె వేసి ఆపిందా? చిన్న తయారీదారులు డిజిటల్ సంతకం కొనరు కాబట్టి అలా వస్తుంది. అది వచ్చినంత మాత్రాన వైరస్ ఉన్నట్టు కాదు, రాకపోతే లేనట్టూ కాదు. పైన చెప్పిన పరీక్ష అయ్యాకే మోర్ ఇన్ఫో నొక్కి రన్ ఎనీవే ఇవ్వండి.

పెన్‌డ్రైవ్‌లో ఆటలు పంచుకోవడం మన దగ్గర మామూలే. ఆట పంచకండి, లింకు పంచండి.

7. తెర, మీటలు సరిచేసుకోండి

చుక్కల ఆటకి తెర లెక్క ముఖ్యం. 128 చుక్కల ఎత్తున్న పికో-8 ఆటని 768 ఎత్తున్న మానిటర్ మీద సరిగ్గా ఆరు రెట్లు పెంచొచ్చు. 128 ఆర్లు 768, మిగులు లేదు. అందుకే మా చవక మానిటర్ల మీద పికో-8 అంత శుభ్రంగా కనిపిస్తుంది. 144 ఎత్తున్న గేమ్ బాయ్ ఆట అయిదు రెట్లకి 720 అవుతుంది, పైనా కిందా కాస్త నల్లగా మిగులుతుంది. మిగలనివ్వండి. దాన్ని తెర నిండా లాగితే ఒక చుక్క లావు, ఒక చుక్క సన్నం అయి కళ్ళు లాగుతాయి. ఆట సెట్టింగుల్లో ఇంటిజర్ స్కేలింగ్ లేదా పిక్సెల్ పర్ఫెక్ట్ అని ఉంటే ఆన్ చేయండి.

ఆట మసకగా ఉంటే: ఆట ఫైలు మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్‌కి వెళ్ళి, కింది టిక్ పెట్టి అప్లికేషన్ ఎంచుకోండి.

కీబోర్డు సంగతి. చవక కీబోర్డుల్లో మూడు మీటలు ఒకేసారి నొక్కితే ఒక్కోసారి ఒకటి పలకదు. పైకి, పక్కకి, దూకు కలిపి నొక్కినప్పుడు మనిషి దూకకపోతే తప్పు మీది కాదు. మీటలు మార్చి చూడండి. పికో-8లో జెడ్ బదులు సి, ఎక్స్ బదులు వి పనిచేస్తాయి.

జాయ్‌స్టిక్‌ని ఆట గుర్తించకపోతే యాంటీమైక్రోఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాని బటన్లకి కీబోర్డు మీటలు కట్టొచ్చు.

8. ఇరవై నిమిషాల పరీక్ష

ఆట మంచిదో కాదో తేల్చడానికి ఇరవై నిమిషాలివ్వండి. మొదటి అయిదు నిమిషాల్లో తేల్చేయకండి, పాత తరహా ఆటలు మొదట్లో ఏమీ చెప్పవు.

మా మేనల్లుడు బొబ్బిలి నుంచి వచ్చినప్పుడు కేవ్ స్టోరీ పెట్టిచ్చాను. పావుగంటకి మొహం మాడ్చుకుని వచ్చాడు. "ఏటి మావయ్యా, తలుపు తెరుసుకోదేటి? పాడయిపోనాది." ఆ ఆటలో తలుపు ముందు నిలబడి కింది బాణం నొక్కాలి. చదవాలన్నా, పెట్టె తెరవాలన్నా అదే మీట. జెడ్ దూకడానికి, ఎక్స్ కాల్చడానికి. ఆటతో వచ్చిన రీడ్‌మీ ఫైలు తెరిస్తే తెలిసేది. ఆ తర్వాత వాణ్ణి భోజనానికి లేపడం మా ఆవిడ వల్ల కాలేదు.

కాబట్టి ముందు రీడ్‌మీ, ఆ తర్వాత ఇరవై నిమిషాలు. అప్పుడు ఇవి అడగండి:

- చచ్చిపోయినప్పుడు ఎందుకు చచ్చానో తెలిసిందా?
- మీట నొక్కగానే మనిషి కదిలాడా, ఆలోచించుకుని కదిలాడా?
- చచ్చాక మళ్ళీ మొదలవడానికి ఎంతసేపు పట్టింది?
- కుర్చీలోంచి లేవబోయి ఇంకొక్కసారి అనుకున్నారా?

మొదటి ప్రశ్నకి సెలెస్ట్ క్లాసిక్ మంచి ఉదాహరణ. పికో-8 మీద నాలుగు రోజుల్లో చేసిన ఆట, తర్వాత 2018లో పెద్ద ఆటగా వచ్చింది. కొండెక్కే పిల్ల గాల్లో ఒక్కసారి దూసుకెళ్ళగలదు. జుట్టు ఎర్రగా ఉంటే ఆ దూకుడు ఇంకా చేతిలో ఉన్నట్టు. నీలంగా మారితే వాడేసినట్టు. కాలు నేలకి తగలగానే మళ్ళీ ఎరుపు. దీనికోసం తెర మీద వేరే గీతల్లేవు, అంకెల్లేవు, సూచనల్లేవు. పడిపోయిన ప్రతిసారీ జుట్టు రంగు చూసుకోలేదని మనకే తెలుస్తుంది. రెండు సెకన్లలో మళ్ళీ ఆడుతుంటాం.

నాలుగింట్లో మూడింటికి జవాబు మీకు నచ్చనిదైతే తీసేయండి. మొహమాటపడకండి, ఉచితమే కదా.

9. మొదలుపెట్టడానికి కొన్ని పేర్లు

బ్రౌజర్లో: సెలెస్ట్ క్లాసిక్. దాని పక్కనే పికో-8 మీద పూమ్, అంత చిన్న తెర మీద డూమ్ లాంటి తుపాకుల ఆట ఎలా పట్టించారో చూడ్డానికైనా. టోబు టోబు గర్ల్, గేమ్ బాయ్ హోమ్‌బ్రూ, పైకి ఎగురుతూ పోవడమే. ఎ డార్క్ రూమ్‌లో బొమ్మలే ఉండవు, అక్షరాలే. ఇంగ్లీషు చదవడం ఓపికగా ఉంటేనే.

పాత విండోస్ మీద: కేవ్ స్టోరీ, ఒక్క మనిషి అయిదేళ్ళు కూర్చుని చేసింది. 2008 నాటి స్పెలంకీ క్లాసిక్, గుహ ఆడిన ప్రతిసారీ మారిపోతుంది. లాబ్బే దే మోర్, చిన్నది, ఒక సాయంత్రం చాలు.

నెమ్మదిగా ఆలోచించి ఆడేవాళ్ళకు: ఓపెన్‌టీటీడీ, రైళ్ళూ బస్సులూ వేసుకుని వ్యాపారం చేయడం. మొదటిసారి తెరిచినప్పుడు బొమ్మల ప్యాకేజీ దించుకోమంటుంది, సరే అనండి. బ్యాటిల్ ఫర్ వెస్నాత్, వంతులవారీ యుద్ధం.

ఇంటికి చుట్టాల పిల్లలొస్తే: హెడ్జ్‌వార్స్. ఒకే కీబోర్డు మీద వంతులు వేసుకుని ఆడొచ్చు. గొడవలకి నా పూచీ లేదు.

ఫోన్లో: షాటర్డ్ పిక్సెల్ డంజన్. ప్రకటనల్లేవు, నెట్ అక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం వైపు మా చుట్టాలకి రోజుల తరబడి కరెంటు లేదు. నెట్ లేకుండా నడిచే ఆట ఒకటి ఫోన్లో ఉంచుకోమని అప్పట్నుంచి అందరికీ చెబుతున్నాను. అయితే బ్యాటరీ ఫోన్ చేయడానికి మిగుల్చుకోండి.

10. చెడిపోతే ఏం చేయాలి

బ్రౌజర్ ఆటలో శబ్దం లేదు, మీటలు పనిచేయవు: ఆట తెర మీద ఒకసారి క్లిక్ చేయండి. బ్రౌజర్లు మీరు తాకేదాకా శబ్దం రానివ్వవు.

బాణం నొక్కితే పేజీ కిందికి జారిపోతోంది: ఇదీ క్లిక్ చేయకపోవడం వల్లే. కాకపోతే ఫుల్ స్క్రీన్ చేయండి.

ఆగి ఆగి నడుస్తోంది: మిగతా ట్యాబులు మూసేయండి. బ్రౌజర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్ చేసి ఉందో లేదో చూడండి. అయినా మారకపోతే విండోస్ వెర్షన్ దించుకోండి.

పాత ఆట ఫుల్ స్క్రీన్‌లో నల్ల తెర చూపిస్తోంది: విండో మోడ్‌లో పెట్టండి. కేవ్ స్టోరీకి డూకాన్ఫిగ్ అనే చిన్న ప్రోగ్రాం ఫోల్డర్లోనే వస్తుంది, అందులో మారుతుంది.

నిన్న ఆడింది ఇవాళ లేదు: ఇన్‌కాగ్నిటోలో ఆడారా? హిస్టరీతో పాటు సైట్ డేటా కూడా చెరిపేశారా? బ్రౌజర్ ఆటల సేవ్ అక్కడే ఉంటుంది. నెట్ సెంటర్లో ఆడేవాళ్ళు దీని మీద ఆశ పెట్టుకోకండి, మేం రోజూ రాత్రి చెరిపేస్తాం.

స్టీమ్‌లో కొన్నది నచ్చలేదు: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితే డబ్బు వాపసు అడగొచ్చు.

నచ్చిన ఆటకి డబ్బు పంపాలంటే: ఇచ్‌లో డెబిట్ కార్డు తిరస్కరిస్తే, బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి, పంపాక మళ్ళీ ఆఫ్ చేయండి. డబ్బు పంపలేకపోతే కామెంటు రాయండి. ఎక్కడ ఇరుక్కున్నారో రాస్తే ఇంకా మేలు, బావుంది అన్న ఒక్క మాట కన్నా వాళ్ళకి అదే పనికొస్తుంది.

11. రిజిస్టరు, సేవ్ ఫైళ్ళు

మా షాపులో జెరాక్స్ లెక్కల పుస్తకం వెనక పేజీల్లో ఆటల రిజిస్టరు ఉంది. నాలుగు గళ్ళు: ఆట పేరు, ఎక్కడ దొరికింది, చేసిందెవరు, ఇరవై నిమిషాల తర్వాత ఏమనిపించింది. మూడో గడిలో ఒకే పేరు రెండోసారి రాయాల్సి వచ్చిందంటే, వాళ్ళ పేజీకి వెళ్ళి మిగతావన్నీ తెరవడమే.

సిస్టమ్ ఫార్మాట్ చేసే ముందు సేవ్ ఫైళ్ళు తీసిపెట్టుకోండి. కేవ్ స్టోరీది ఆట ఫోల్డర్లోనే ప్రొఫైల్ డాట్ డ్యాట్ (Profile.dat) అనే పేరుతో ఉంటుంది. కొన్ని ఆటలవి యూజర్స్ ఫోల్డర్లో యాప్‌డేటా కింద దాక్కుంటాయి, ఆ ఫోల్డరు కనిపించాలంటే వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టాలి. మా మేనల్లుడి ఫైలు మీద వాడి పేరు రాసి ఇప్పటికీ నా పెన్‌డ్రైవ్‌లో ఉంది, దసరాకొచ్చి అక్కణ్ణుంచే ఆడతానన్నాడు.